ఆహ్వానంలో కళ, హామీపత్రంలో సరుకు

సమకాలీన సిరామిక్, టెక్స్‌టైల్ కళల ప్రదర్శన అంటూ కళాకేంద్రం ఆర్భాటంగా ప్రకటించింది. ప్రారంభ సభలో వక్తలంతా మట్టికీ దారానికీ చిత్రకళతో సమాన గౌరవం దక్కే రోజులొచ్చాయని మురిసిపోయారు. అదే ప్రదర్శన కోసం కళాకారుల చేత సంతకం చేయించుకున్న హామీపత్రంలో ఏముందో ఈపాటికి అందరికీ తెలిసిపోయింది. వస్తువు పగిలినా, చిరిగినా, రంగు వెలిసినా కేంద్రానికి సంబంధం లేదట. పై హాల్లోని చిత్రాలకు ఈ షరతు లేదు. వాటికి బీమా ఉంది, కాపలా ఉంది, దగ్గరికి పోకుండా అడ్డంగా తాడు ఉంది. మట్టికీ బట్టకీ ఉన్నది సంతకం ఒక్కటే.

మెట్ల పక్కన బల్ల మీద పెట్టిన సిరామిక్ శిల్పం జనం రద్దీలో కింద పడి ముక్కలైతే, కేంద్రం నిర్వాహకులు ముందుగా బయటకు తీసింది ఆ సంతకాన్నే. క్షమాపణ మాట ఆ తర్వాతైనా వినపడలేదు.

కేంద్రం దగ్గర నిధులు అంతంతమాత్రమేనని, పగిలే వస్తువులకు బీమా ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయని నిర్వాహకుల వాదన. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ బల్లను మెట్ల పక్క నుంచి నాలుగడుగులు జరపడానికి ఏ బీమా కంపెనీ అనుమతి కావాలి? శిల్పం అడుగున కాస్త మైనం అద్ది పీఠానికి అంటించడానికి ఎన్ని నిధులు కావాలి? మ్యూజియంలలో ఎప్పటి నుంచో చేస్తున్న పనే అది.

నేత పనుల సంగతి ఇంకా ఘోరం. గోడకు వేలాడదీసిన ఒక పెద్ద నేతను పై అంచున మూడు మేకులు కొట్టి బిగించారు. దాని బరువంతా ఆ మూడు చోట్లే పడి, మేకుల చుట్టూ పడుగు పోగులు సాగిపోయి కనిపిస్తున్నాయి. వెనక పైఅంచు పొడవునా ఒక పట్టీ కుట్టి, అందులో కర్ర దూర్చి వేలాడదీస్తే బరువు సమంగా పంచుకుంటుందని నేతపని తెలిసిన వారెవరైనా చెబుతారు. అడిగిన వారే లేరు. పైగా కిటికీ ఎండ నేరుగా దాని మీదే. బట్ట మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకూడదన్నది మ్యూజియంలు సాధారణంగా పాటించే కట్టుబాటు. వెలిసిన రంగు మళ్లీ రాదు. అయినా దానికీ బాధ్యత కళాకారుడిదేనట. కిటికీకి తెర వేయాల్సింది కూడా ఆయనేనా?

ఈ రెండు నాల్కల మాటే మాకు అభ్యంతరం. ప్రదర్శన బ్రోషర్ తిరగేయండి. 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆనీ ఆల్బర్స్ నేత పనులతో ప్రత్యేక ప్రదర్శన పెట్టిన సంగతి అందులో ఉంది. కుండలు చేసే గ్రేసన్ పెర్రీ 2003లో బ్రిటన్‌లో సమకాలీన కళకు ఇచ్చే టర్నర్ బహుమతి గెలిచిన సంగతి ఉంది. జనపనార తాళ్లను చేత్తో ముడులు వేసి మనిషెత్తు శిల్పాలు నిలబెట్టిన మృణాళినీ ముఖర్జీ పనికి 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పెద్ద ప్రదర్శన పెట్టిన సంగతీ ఉంది. ఇంత మంది గొప్పవాళ్ల పేర్లు వాడుకుని గౌరవం సంపాదించుకున్న కేంద్రం, తన గడప తొక్కిన కళాకారుడి దగ్గరికి వచ్చేసరికి గోదాము యజమానిలా మాట్లాడుతోంది. కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా?

ప్రమాదాలు ఎక్కడైనా జరుగుతాయి. 2006లో కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఒక సందర్శకుడు మెట్ల మీద కాలు జారి, కిటికీ గట్టు మీదున్న చైనా చింగ్ రాజవంశ కాలపు జాడీలు మూడింటిని పగలగొట్టాడు. మ్యూజియం ముక్కలన్నీ ఏరించి, నిపుణులతో అతికించే పని తలకెత్తుకుంది. ఆ పాత్రలు దాని సొంతం, నిజమే. మరి అరువుగా వచ్చిన పరాయి సొత్తు విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలా, తక్కువా?

చిత్రం గీసిన వాడికి లేని షరతు కుండ చేసిన వాడికి ఎందుకు? 1,200 డిగ్రీలు దాటిన బట్టీలో పగలకుండా బయటపడిన పని అది. ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోయి, ఎన్నో పగుళ్లిచ్చి, ఎన్నో వంకరపోయి, మిగిలినవాటిలోంచి ఒకటి గ్యాలరీకి వస్తుంది. దాన్ని మళ్లీ అచ్చంగా అలాగే చేయడం చేసిన వాడి వల్ల కూడా కాదు.

ఈ హామీపత్రాన్ని ఇవాళ చూసీచూడనట్టు వదిలేస్తే రేపు ఇదే నమూనా అవుతుంది. ఒక కేంద్రం చేతులు దులుపుకొని నెగ్గుకొస్తే మిగతావి ఊరుకుంటాయా? సంతకం పెట్టలేని వాళ్లు ఇంట్లో కూర్చుంటారు. పగిలితే మళ్లీ చేసుకోగల స్తోమత ఉన్నవాళ్లే ప్రదర్శనకు వస్తారు. మొదట బలయ్యేది, తొలి ప్రదర్శన కోసం దేనికైనా తలూపే కొత్తవాళ్లు. ఇవాళ మట్టికి, బట్టకి పెట్టిన షరతు ఎల్లుండి కాగితం మీద గీసిన బొమ్మలకు పెట్టరన్న భరోసా ఏదీ? పై హాల్లో నిశ్చింతగా ఉన్న చిత్రకారులు ఇది తమ గొడవ కాదనుకుంటే పొరపాటు.

చేయాల్సింది బ్రహ్మవిద్యేమీ కాదు. వస్తువు చేతికందినప్పుడే దాని స్థితిని ఫోటోలతో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. తిరిగిచ్చేదాకా బాధ్యత కేంద్రానిదే అని రాయాలి. పగిలిన శిల్పానికి పరిహారం తేల్చాలి, అదీ ఈ ప్రదర్శన ముగిసేలోగానే. కమీషన్ వసూలు చేసుకోవడానికి తెలిసిన లెక్కలు ఇక్కడ మాత్రం తెలియవంటే ఎవరూ నమ్మరు.

తర్వాతి ప్రదర్శనకు దరఖాస్తులు అచ్చు వేయిస్తున్నారని వింటున్నాం. ఆ షరతు తీసేయడం ఇష్టం లేకపోతే ఆహ్వానపత్రంలో ‘సమకాలీన కళ’ అన్న మాటైనా తీసేయండి. ‘స్టాళ్లు అద్దెకు ఇవ్వబడును’ అని వేసుకోండి. వచ్చేవాళ్లకు తాము ఎక్కడికి వస్తున్నారో ముందే తెలుస్తుంది.