మెరుపు చూసి కొంటున్నాం, పదును ఫర్నేస్‌లోనే తేలిపోయింది

చేత్తో చేసిన కత్తి అనగానే మనకి కొలిమి, సమ్మెట, నిప్పురవ్వలు గుర్తొస్తాయి. కానీ సొంతంగా స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తులు చేసేవాళ్లలో చాలామంది సమ్మెట ముట్టరు, స్టీల్ పట్టీ కొని, ఆకారం గీసి కోసి, బెల్ట్ గ్రైండర్ మీద అరగదీస్తారు. దీన్నే స్టాక్ రిమూవల్ అంటారు. 'మరి ఇది హ్యాండ్‌మేడ్ ఎలా అవుద్ది' అని మొహం మాడ్చుకుంటారు కొందరు. నాకైతే ఆ ప్రశ్నే తప్పనిపిస్తుంది, ఎందుకంటే ఈ స్టీల్‌తో అసలు తిప్పలన్నీ వేడి దగ్గరే.

1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని స్టీల్ తయారుచేస్తే, దానితో చేసిన మొదటి కత్తులు సరిగ్గా తెగక నవ్వులపాలయ్యాయి. వేడితో దాన్ని సరిగ్గా గట్టిపరచడమనే ఆ చిక్కు ఇప్పటికీ ఉంది. మామూలు కార్బన్ స్టీల్‌ని ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోవడం మానేశాక ఇంకాస్త వేడెక్కించి నూనెలో ముంచితే చాలావరకు పనైపోతుంది. 440సి లాంటి స్టెయిన్‌లెస్‌లో క్రోమియమే 16 నుంచి 18 శాతం, అది కార్బన్‌తో కలిసి కట్టే గట్టి రేణువులు, అంటే కార్బైడ్లు, కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాసేపు నిలకడగా ఉంచాలి, రంగు చూసి అంచనా వేసే పని కాదు, అందుకే ఎలక్ట్రిక్ ఫర్నేస్. పైన కార్బన్ కాలిపోకుండా రేకులో చుట్టి పెట్టి, తీయగానే రెండు అల్యూమినియం పలకల మధ్య నొక్కి చల్లార్చాలి, కొందరైతే లిక్విడ్ నైట్రోజన్‌లో కూడా పెడతారు, ఆపైన పెళుసుదనం తగ్గడానికి తక్కువ వేడిలో మళ్లీ కాల్చడం, అంటే టెంపరింగ్, రెండుసార్లు.

ఇంత చేసినా ఒక్క సెకను చాలు. ఓసారి అరిగిపోయిన బెల్ట్ మీద మొన కాస్త గట్టిగా నొక్కా, అంతే, గోరంత మేర నీలం రంగు తిరిగింది. స్టెయిన్‌లెస్‌లో వేడి త్వరగా పాకదు, పల్చటి మొనలోనే నిలబడిపోతుంది. నీలం వచ్చిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే.

మనం మాత్రం పిడి చెక్క, అద్దంలాంటి పాలిష్ చూసి డబ్బులిస్తాం. స్టీల్ పేరేంటి, రాక్‌వెల్ (గట్టిదనం కొలత) ఎంత, అంచు వెనక మందం ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. హీట్ ట్రీట్‌మెంట్ (ఈ వేడి పనంతా) బయట చేయిస్తా అని చెప్పే మేకర్‌ని తక్కువ చేసి చూస్తారు గానీ, కొలిచే సాధనాల్లేకుండా అంతా నేనే చేశా అనేవాడికంటే అతన్నే నేను నమ్ముతా.

నా నీలం మొన కత్తి ఇంకా సొరుగులోనే ఉంది. 400 నంబర్ శాండ్‌పేపర్‌తో రుద్దితే రంగు పోయింది, ఇప్పుడు చూస్తే నేను కూడా తేడా పట్టలేను.