రెండు దారులున్నా ఒకటే గండి

2024 మార్చి 26న అర్ధరాత్రి దాటాక, అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి బయలుదేరిన డాలి అనే కంటైనర్ నౌకలో దీపాలు ఆరిపోయాయి; వెలిగి మళ్లీ ఆరాయి. దాదాపు 300 మీటర్ల ఆ నౌక అదుపు తప్పి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను ఢీకొనగా, వంతెనపై మరమ్మతులు చేస్తున్న ఆరుగురు కార్మికులు మరణించారు. నౌక సిబ్బందిలో అత్యధికులు భారతీయులే. ఒక సిగ్నల్ తీగకు తొడిగిన పేరు పట్టీ అడ్డుపడి, ఆ తీగ తన బిగింపులో పూర్తిగా కూర్చోకపోవడమే మొదటి చీకటికి మూలమని అమెరికా రవాణా భద్రతా మండలి తేల్చింది.

డాలిలో ప్రత్యామ్నాయాలకు లోటు లేదు. నాలుగు జనరేటర్లున్నాయి, రెండో ట్రాన్స్‌ఫార్మరూ ఉంది. కానీ దానికి మారడం సిబ్బంది చేతిపనిగా మిగిలింది. పైగా, నడుస్తున్న జనరేటర్లకు ఇంధనం అందిస్తున్న పంపు, కరెంటు పోయి వచ్చాక తనంతట తాను తిరగనిది. ఇంధనం అందక రెండోసారి చీకటి కమ్మింది. పంపు తిరగాలంటే కరెంటు, కరెంటు రావాలంటే పంపు: పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదన్న సామెతే.

ఇటువంటి ముడులను ముందే పట్టుకునే సాధనం జాల సిద్ధాంతం. స్విచ్‌బోర్డులు, పంపులు, వాల్వులు బిందువులుగా, కేబుళ్లు, గొట్టాలు గీతలుగా గీస్తే, ఏ బిందువు పోతే ఏ భాగం ఆరిపోతుందో లెక్కించవచ్చు. రెండు బిందువుల మధ్య పరస్పరం కలవని దారులు ఎన్ని ఉండగలవో, వాటిని విడదీయడానికి కనీసం అన్ని బిందువులనైనా తొలగించాలని గణితవేత్త కార్ల్ మెంగర్ 1927లోనే నిరూపించాడు. రెండు కేబుళ్లు ఒకే గదిలోంచి పోతే కాగితంపై రెండు దారులు, అగ్నిప్రమాదంలో ఒక్కటే. 2013 ఫిబ్రవరిలో ఇంజిన్ గదిలో రేగిన మంటకు కార్నివాల్ ట్రయంఫ్ అనే విహార నౌక నాలుగు వేల మందికి పైగా జనంతో మెక్సికో సింధుశాఖలో నిస్సహాయంగా తేలియాడింది. అలాగని గీతలు పెంచుకుంటూ పోవడమూ తెలివి కాదు; విద్యుత్తు నడిచే దారిలోనే లోపమూ నడుస్తుంది గనుక, ఈ దారుల వలయాన్ని ఎక్కడ తెంచాలో కూడా లెక్కలోనే తేలాలి.

ఒక గదిలో మంట వచ్చినా సొంత శక్తితో రేవు చేరగలగాలన్న అంతర్జాతీయ నిబంధన 2010 జులై 1 నుంచి నిర్మాణం మొదలైన పెద్ద ప్రయాణికుల నౌకలకే వర్తిస్తుంది. భారీ సరుకు నౌకలను దాని వెలుపల ఉంచడం ఇక సమర్థనీయం కాదని మా అభిప్రాయం. నౌకాదళం కోసం యుద్ధనౌకలకు సముద్రంలోనే ఇంధనం, సరుకులు అందించే ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకలను నిర్మించే ఒప్పందం 2023లో విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కు దక్కింది. ఇటువంటి నిర్మాణాలలో విద్యుత్తు, ఇంధనం, శీతల జలం, నియంత్రణ తీగల నక్షాలను విడివిడిగా కాక ఒకే జాలంగా పరీక్షించాలి. సముద్రంలోకి వెళ్లాక ఒక పంపు బదులు మరో పంపు వాడినప్పుడు కూడా ఆ పరీక్ష మళ్లీ జరగాలి.