777ఎక్స్‌ అమ్ముడవుతుంది.. బోయింగ్‌కు మిగిలేది మాత్రం అంతంతే

బోయింగ్‌ 777ఎక్స్‌ పని అయిపోయిందని తేల్చేసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నేను ఒప్పుకోను. 2013లో దుబాయ్‌ ఎయిర్‌షోలో ఘనంగా ప్రకటించిన విమానం ఇది. 2020కల్లా ప్రయాణికులను ఎక్కించుకోవాల్సింది. 2025 అక్టోబర్‌లో కంపెనీ ఆ గడువును 2027కి జరిపి, ఆ ఒక్క వాయిదాకే 490 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. బోయింగ్‌ చిన్న విమానం 737 మ్యాక్స్‌ ప్రమాదాలు, అలస్కా ఎయిర్‌లైన్స్‌ విమానానికి గాల్లో ఊడిపోయిన తలుపు ప్యానెల్‌, 2024లో కార్మికుల సమ్మె.. ఈ కథంతా అందరికీ తెలిసిందే. ఇంత జరిగినా ఈ విమానానికి కొనేవాళ్లు ఉన్నారు, ఇకముందూ ఉంటారు.

ఒక్క విషయం చూడండి. వాయిదా ప్రకటించి నెల తిరక్కుండానే, అదే దుబాయ్‌ ఎయిర్‌షోలో ఎమిరేట్స్‌ మరో 65 విమానాలకు ఆర్డర్‌ ఇచ్చింది. దాంతో ఆ ఒక్క సంస్థ ఆర్డర్లే 270కి చేరాయి. సరుకు రవాణా రకంతో కలిపి 777ఎక్స్‌ మొత్తం ఆర్డర్లు 600 దాటాయి. ఆరేడేళ్లు ఆలస్యమైన విమానం కోసం, అందరికంటే ఎక్కువ నష్టపోయిన కొనుగోలుదారే మళ్లీ క్యూలో నిలబడ్డాడంటే దానికి బలమైన కారణం ఉండాలి.

ఉంది. ఈ సైజులో ఇంకో విమానం దొరకదు. ఎయిర్‌బస్‌ ఎ380 తయారీ 2021లో ఆగిపోయింది. బోయింగ్‌ సొంత జంబో 747లో చివరిదాన్ని 2023 జనవరిలో అప్పగించారు. రెండు తరగతుల్లో 426 మందిని ఎక్కించుకునే 777-9 (777ఎక్స్‌లో ప్రయాణికుల రకం) ఒక్కటే ఇప్పుడు ఆ కొసన మిగిలింది. పైగా పాత 777ల్లో పెద్దదైన 777-300ఈఆర్‌ రకం విమానాలు 2004 నుంచి 800కు పైగా అమ్ముడయ్యాయి. వాటిలో తొలినాళ్లవి ఇరవై ఏళ్లు దాటేశాయి. వాటిని మార్చక తప్పదు. ఆ స్థానంలో వచ్చే విమానం అంతమందినీ మోయాలి, ప్రయాణికుల కాళ్ల కింద అంతే సరుకునూ మోయాలి.

ఎ380 గతే దీనికీ పడుతుందనే వాళ్లకు నేను చూపించేది రెక్కలు. ఎ380 రెక్కల వెడల్పు దాదాపు 80 మీటర్లు. దానికోసం విమానాశ్రయాలు గేట్లు మార్చాయి, ట్యాక్సీవేలు వెడల్పు చేశాయి. అలా చేయలేని చోట్లకు అది వెళ్లలేకపోయింది. 777ఎక్స్‌ రెక్కలు గాల్లో దాదాపు 72 మీటర్లు. నేలమీదకు దిగాక రెండు కొసలూ పైకి మడుచుకుని 65 మీటర్ల లోపుకు వచ్చేస్తాయి. అంటే పాత 777 నిలబడిన గేటులోనే ఇదీ నిలబడుతుంది. ప్రయాణికుల విమానాల్లో ఇలాంటి ఏర్పాటు ఇదే మొదటిసారి. రెక్క పొడవైతే ఇంధనం ఆదా అవుతుంది, గేటులో పట్టాలంటే పొట్టిగా ఉండాలి. ఈ రెండిటికీ మధ్య ఉన్న పేచీని ఒక కీలుతో తీర్చేశారు. బోయింగ్‌లో ఇంజినీర్లు ఇంకా ఉన్నారనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఇంజిన్లు కూడా అంతే. ఎ380కి నాలుగు కావాలి, దీనికి రెండు చాలు. జీఈ కంపెనీ దీనికోసం చేసిన జీఈ9ఎక్స్‌ ఇంజిన్‌ ఫ్యాన్‌ వ్యాసం 134 అంగుళాలు, ప్రపంచంలోనే అతి పెద్దది. నాలుగు ఇంజిన్ల ఖర్చే ఎ380ని మింగేసింది. ఆ గుదిబండ దీనికి లేదు.

అవతలివాళ్ల వాదనలో పస లేదని నేననను. ఎయిర్‌బస్‌ ఎ350-1000 సీట్లలో కాస్త చిన్నదే అయినా 2018 నుంచి ఎగురుతోంది. ఇక్కడేమో ప్రయాణికులను ఎక్కించుకోవడానికి కావాల్సిన సర్టిఫికెట్టే ఇంకా చేతికి రాలేదు, ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది. 2024 ఆగస్టులో పరీక్షల సమయంలో ఇంజిన్‌ను విమానానికి కలిపే కీలక భాగం విరిగింది, మిగతా పరీక్ష విమానాల్లోనూ ఆ భాగానికే పగుళ్లు కనిపించాయి. ఆర్డర్లలో సగానికి పైగా గల్ఫ్‌ సంస్థలవే కావడం కూడా ప్రమాదమే. కానీ ఎ350-1000 ఇంజిన్‌ ఎడారి వేడికి తట్టుకోవడం లేదని ఎమిరేట్స్‌ అధిపతి టిమ్‌ క్లార్క్‌ బాహాటంగానే చెప్పారు. గడువు బాగా దాటిపోతే ఆర్డర్‌ రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది. అయినా ఆయన రద్దు చేసుకోలేదు, ఇంకా కొన్నారు.

కాబట్టి 777ఎక్స్‌ అమ్ముడవుతుందా అన్న ప్రశ్న నా దృష్టిలో ముగిసిపోయింది. అడగాల్సింది, అమ్మితే బోయింగ్‌కు ఏం మిగులుతుందని. ఈ కార్యక్రమం మీద ఇప్పటిదాకా రాసుకున్న నష్టాలు 1,500 కోట్ల డాలర్లు దాటాయి. ఈ అంకె వెనకున్న అర్థం కంపెనీకీ తెలుసు: తొలి విడతగా లెక్కకట్టుకున్న విమానాల మీద వచ్చే రాబడి కంటే పెట్టే ఖర్చే ఎక్కువ. ఆలస్యానికి పరిహారాలు, రాయితీలు ఇచ్చుకోవాలి. ఇంజిన్‌ ఒకే ఒక్క కంపెనీది కాబట్టి దశాబ్దాల పాటు దాని మరమ్మతుల మీద వచ్చే డబ్బు జీఈకి పోతుంది. విమానం హిట్టయినా, బోయింగ్‌ చేతికి వచ్చేది పాత అప్పుల వడ్డీకి సరిపోతే గొప్ప.

నన్ను బాధపెట్టేది ఇదే. ఈ పరిస్థితి ఎవరో తెచ్చిపెట్టింది కాదు. 2013 నుంచి 2019 వరకు బోయింగ్‌ దగ్గర డబ్బు దండిగా ఉంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా! ఆ ఏడేళ్లలో సొంత షేర్లను తిరిగి కొనడానికి 4,300 కోట్ల డాలర్లకు పైగా తగలేశారు. మొదటి నుంచి కొత్తగా ఒక విమానం గీసి, కట్టి, ఎగరేయడానికి అందులో సగం ఖర్చు పెట్టినా సరిపోయేదని నా నమ్మకం. బోయింగ్‌ అలా పూర్తిగా కొత్తగా తెచ్చిన చివరి ప్రయాణికుల విమానం 787. దాన్ని మొదలుపెట్టింది 2004లో. ఆ తర్వాత వచ్చిన మ్యాక్స్‌ 1960ల నాటి ఒంటికి కొత్త ఇంజిన్లు. 777ఎక్స్‌ 1990ల నాటి ఒంటికి కొత్త రెక్కలు, కొత్త ఇంజిన్లు. పాతదాన్ని సాగదీస్తే అనుమతులు తేలిగ్గా వస్తాయని, ఖర్చు కలిసొస్తుందని వేసిన లెక్క ఇది. మ్యాక్స్‌ ప్రమాదాల్లో 346 మంది చనిపోయాక అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆ లెక్కను ఒప్పుకోవడం మానేసింది. ప్రతి మార్పునూ విడిగా పరిశీలిస్తోంది, పరిశీలించాలి కూడా. అడ్డదారి అనుకున్నదే ఇప్పుడు చుట్టుదారి అయింది.

షేర్‌హోల్డర్లను సంతోషపెట్టడమే విమానాల కంపెనీ పని అనుకున్న రోజున పోయేది ఈ ఏడాది లాభం కాదు, పదిహేనేళ్ల తర్వాత రావాల్సిన విమానం. 777ఎక్స్‌ మొదటిసారి గాల్లోకి లేచింది 2020 జనవరి 25న. మధ్యలో ఒకే నడవ ఉండే సింగిల్‌ ఐల్‌ విమానాలకూ పెద్ద విమానాలకూ మధ్య ఖాళీని పూరించాలని ఏళ్లుగా అనుకుంటున్న కొత్త విమానం ఆలోచనను బోయింగ్‌ పక్కన పెట్టిందీ అదే నెలలోనే. ఆ ఖాళీలోకి ఎయిర్‌బస్‌ ఎ321ఎక్స్‌ఎల్‌ఆర్‌ వచ్చింది. 2024 నవంబర్‌లో అది ప్రయాణికులతో మాడ్రిడ్‌ నుంచి బోస్టన్‌కు ఎగిరింది. ఆ శ్రేణిలో అమ్మడానికి బోయింగ్‌ దగ్గర ఇవాళ్టికీ విమానం లేదు.