మా బురదకూ ఒక అవకాశం ఇవ్వండి

కొత్త యాంటీబయాటిక్ కోసం శాస్త్రవేత్తలు మట్టీ, సముద్రపు బురదా జల్లెడ పడుతున్నారు. ఆ పని మా నెల్లూరు జిల్లాలో, కృష్ణపట్నం, మైపాడు వైపు రొయ్యల గుంటల దగ్గరే మొదలుపెట్టాలని ఈ జిల్లా పౌరుడిగా డిమాండ్ చేస్తున్నాను.

మట్టికి అర్హత లేదనడానికి వీల్లేదు. తొలి వానకు లేచే మట్టివాసనలో పెద్ద వాటా స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియాదే. ఆ జాతి నుంచే 1943లో అమెరికాలో ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి క్షయను లొంగదీసే స్ట్రెప్టోమైసిన్ రాబట్టాడు. 1952లో నోబెల్ మాత్రం ఆయన గురువు వాక్స్‌మన్‌కు వెళ్లింది. (ఇందులో వింతేముందని మన పరిశోధక విద్యార్థులు అడుగుతారు.) వెనిజులా మట్టి క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చింది, బోర్నియో మట్టి వాంకోమైసిన్ అనే మరొకటి ఇచ్చింది. మా మట్టి చేసిన పాపమేమిటి?

మందులు తాగడం. మేం పెంచే వనామీ రకం రొయ్యకు వైట్ స్పాట్ అనే జబ్బు తగులుతుంది. అది వైరస్, యాంటీబయాటిక్‌ను లెక్కచేయదు. కానీ లక్షలు పోసిన రైతుకు టెన్షన్. "ఎందుకైనా మంచిది, ఇదీ వేసి చూడన్నా" అంటాడు షాపులో కుర్రాడు. రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్ నిషేధం. ఆ సంగతి విదేశాల్లో సరుకు పరీక్షించేవాళ్లకు బాగా గుర్తుంటుంది.

కోచింగ్‌కు పేరుమోసిన ఊరు మాది, బాక్టీరియాను మాత్రం వదిలేస్తామా? చావనంత డోసు ఇచ్చి, మధ్యలో ఆపి, మళ్లీ మొదలుపెట్టి, అన్ని మోడల్ పరీక్షలూ రాయిస్తున్నాం. జలుబుకు రెండు అజిత్రోమైసిన్ బిళ్లలు మింగి మిగతావి డబ్బాలో దాచే మనమంతా ఇందులో ఫ్యాకల్టీయే. పాసైన బాక్టీరియా, మందును తట్టుకునే తన నిరోధక జన్యువును పక్కదానికి ఫీజు అడక్కుండా అందిస్తుంది. ఆ ఒక్క విషయంలోనే అది మా సంస్కృతిని పట్టుకోలేకపోయింది.

పరిశోధకుల కష్టం తక్కువదేం కాదు. మట్టిలోని బాక్టీరియాలో చాలా మటుకు ల్యాబు పళ్లెంలో పెరగనే పెరగవు. అందుకే ఐచిప్ అనే పరికరంలోని సన్నని గదుల్లో పెట్టి, తిరిగి మట్టిలోనే ఉంచి పెంచారు. అలా దొరికిన టెయిక్సోబాక్టిన్‌ను 2015లో ప్రకటించారు. అది ఇంకా మందుల షాపుకు చేరలేదు. చేరిన రోజు జలుబు వచ్చినవాళ్లం ముందు వరుసలో ఉంటాం.

వచ్చే బృందానికి ఒక్క మనవి. బురద తీసేముందు ఆ గుంటలో ఏమేం పోశారో కనుక్కోండి. బిల్లులు మాత్రం అడక్కండి, షాపువాళ్లు మాకే ఇవ్వరు.