నా డబుల్ బేస్ కడుపులో ఉన్న కాగితం ముక్కకి

మహారాజశ్రీ లేబుల్ గారి సముఖానికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ, ఇక్కడ కుశలమేం లేదు. నిన్న శనివారం మధ్యాహ్నమంతా తమరి పుణ్యమా అని గంగలో కలిసింది. వయొలిన్‌కి పెద్దన్నలాంటి ఆ ఆరడుగుల వాయిద్యాన్ని కారు ముందు సీటు పడుకోబెట్టి, తల డ్యాష్‌బోర్డుకి కొట్టుకోకుండా దుప్పటి చుట్టి, ఈ ఇంగ్లండు వానలో గంటన్నర నడిపి ఆ రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పళ్ల డాక్టరు అద్దం లాంటిది దాని పొట్ట మీదున్న ఎఫ్ ఆకారపు కంతలోంచి దూర్చి, టార్చి వేసి, తమరిని చూసి ఓ నవ్వు నవ్వారు. నాకు అప్పుడే కడుపులో తిప్పింది.

‘జియో పావ్లో మజ్జీని, బ్రెషా, 1623.’ ఇటలీలో పేరుమోసిన పాతకాలపు వాయిద్యాల తయారీదారు పేరు, ఆయన ఊరు, చేసిన ఏడాది. ఎంత ముచ్చటగా అచ్చేయించుకున్నారండీ! టీ నీళ్లలో ముంచినట్టున్న ఆ రంగు కూడా భలే కుదిరింది. నాలుగేళ్లుగా ఆ నాలుగంకెల్ని నమ్ముకుని ఉన్నాను. చార్మినార్ కట్టిన ముప్పై రెండేళ్లకి చేసిన బేస్ మావాడింట్లో ఉందని నాన్న తెనాలంతా చాటింపు వేశారు. మామయ్యయితే ఫోన్ చేస్తే నేనెలా ఉన్నానో తర్వాత, ముందు దాని రేటెంత పలుకుతోంది అంటాడు.

తీరా పెద్దాయన చెప్పిందేమిటంటే, ఆ మజ్జీనీ, ఆయన గురువు గాస్పరో ద సాలో, ఇద్దరూ లేబుల్ మీద సంవత్సరం వేసేవారే కాదట. పేరు, ఊరు, అంతే. అంటే ఏ అంకె చూసుకుని నేను మురిసిపోయానో ఆ అంకే తమరి దొంగతనానికి సాక్ష్యం. అసలు నిన్నెవరు అడిగారయ్యా ఏడాది? పేరు చెప్పి ఊరుకుంటే ఇంకో నాలుగేళ్లు నెట్టుకొచ్చేవాళ్లం కదా! మా నాన్నని బళ్లో వేసినప్పుడు మాస్టారు పుట్టినతేదీ జూలై 1 అని రాసేశారు, అదీ అబద్ధమే, కానీ ఆయన ఒక ఏడాది అటూఇటూ వేశారు. రెండొందల డెబ్బై ఏళ్లు వేయలేదు.

నీ అసలు ఊరు జర్మనీలోని సాక్సనీట. మార్క్‌నాయ్‌కిర్హెన్ చుట్టుపక్కల ఒక ఇంట్లో తల చెక్కి, ఇంకో ఇంట్లో ఒళ్లు చేసి, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో టోకున ఎగుమతి చేసిన సరుకు. అమెరికా వెళ్లినవాటి మీద 1891 నుంచి దేశం పేరు వేయక తప్పలేదు, వాటికి ఆ మాత్రం సిగ్గయినా ఉంది. అంచు చుట్టూ జంట నల్లగీతలున్నాయి, మజ్జీని పనితనం అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించానే! నిజమైనవాటిలో గాడి తీసి సన్నటి చెక్క పొదుగుతారు. కింద పెచ్చు లేచిన చోట పెద్దాయన గోరు పెట్టి చూపించారు. గీత లోపలికి దిగలేదు. సిరా. సిరాతో గీశార్రా, ముగ్గు వేసినట్టు!

చెట్టు వలయాలు లెక్కపెట్టే పరీక్ష చేయిస్తారా అన్నారు. చెక్కలో మిగిలిన చివరి వలయం ఏ ఏటిదో తేలుతుంది, వాయిద్యం అంతకంటే పాతది కాదని తెలుస్తుంది, చేసిందెవరో మాత్రం తెలీదు. ఉన్న పరువు చాలన్నాను. ఇక వేలం కేటలాగుల వాళ్ల భాష చూడండి: ‘ఫలానా వారిది’ అంటే ఒక రేటు, ‘వారిదని అంటారు’ అంటే ఒక రేటు, ‘వారి లేబుల్ ఉన్నది’ అంటే మేం చేతులు కడిగేసుకున్నాం అని. నాకు అమ్మినాయన ఈ మూడోదే అన్నాడు. నేనే సరిగ్గా వినలేదు.

ఆవిరి పట్టించి పీకేయమంటావా అని అడిగారు పెద్దాయన. పీకి కాల్వలో పారేయండి అనబోయాను. నోరు రాలేదు. ఆ తల చెక్కినవాడి పేరు ఎక్కడా లేదు, సిరా గీసినవాడిదీ లేదు. ఇంత పెద్ద ఒంటికి ఇంటిపేరంటూ ఉన్నది నువ్వొక్కడివే, అదీ దొంగది.

పైగా నీ కుడి మూల లేచింది. ఏ తీగ మీటితే లోపల జుయ్‌మంటున్నావు, ఇన్నాళ్లూ తీగల్ని మోసే చెక్క వంతెన దగ్గర ఏదో వదులైందనుకున్నాను. వచ్చే శనివారం మైదా ఉడికించి, చీపురుపుల్లకి రాసి లోపలికి పెడతాను. కదలకుండా ఉండు.

ఇట్లు,
నీ ఓనరు

తా.క.: మామయ్యకి ఇంకా చెప్పలేదు.