పోసల్‌త్వెయిట్ నాటకాలు ఏవి?

బ్రిటిష్ నటుడు పీట్ పోసల్‌త్వెయిట్ మీద మీరు రాసిన వ్యాసం హాలీవుడ్ దర్శకుడు స్పీల్‌బర్గ్ ప్రశంసతో మొదలై హాలీవుడ్ చిత్రాల జాబితాతో ముగిసింది. రంగస్థలానికి దక్కింది ఒక్క వాక్యం. ఇది ఆ నటుడికి అన్యాయం. ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో పుట్టి, కొన్నాళ్లు బడిపంతులుగా పనిచేసి, బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో నటన నేర్చుకున్న ఆయన 1970లలో లివర్‌పూల్ ఎవ్రీమన్ నాటకశాలలో రాటుదేలారు. జూలీ వాల్టర్స్, బిల్ నై, జొనాథన్ ప్రైస్ అప్పటి సహనటులు. తర్వాత రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ అనే నాటక సంస్థలో నటించారు. సినిమా ప్రేక్షకులు ఆయన్ను గుర్తుపట్టే నాటికి వయసు నలభై దాటింది.

'ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్' (1993)లో చేయని నేరానికి కొడుకుతోపాటు జైలుపాలైన తండ్రి పాత్రకు ఆస్కార్ నామినేషన్ వచ్చిందని రాశారు, సరే. కానీ 'బ్రాస్డ్ ఆఫ్' (1996) ప్రస్తావనే లేదేమిటి? బొగ్గుగని మూతపడుతుంటే, ఊపిరితిత్తులు పాడైనా కార్మికుల బ్యాండును నడిపే డానీ ఆయన. సంగీతాన్ని మించింది లేదని నమ్మిన ఆ మనిషి, లండన్‌లోని ఆల్బర్ట్ హాల్ వేదికపై తన వాళ్ల బతుకులే ముఖ్యమని చెప్పే ఘట్టంలో గొంతు పెద్దగా పెంచడు. ఎముకలు తేలిన ఆ ముఖమే మాట్లాడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లు చెమరుస్తాయి.

2008లో, హాలీవుడ్‌లో అంత పేరు వచ్చాక, ఆయన షేక్‌స్పియర్ నాటకం 'కింగ్ లియర్'లో లియర్ రాజు పాత్ర కోసం మళ్లీ అదే ఎవ్రీమన్‌కు వెళ్లారు. 2011 జనవరిలో కన్నుమూశారు. దయచేసి ఆ లియర్ గురించి విడిగా ఒక వ్యాసం రాయండి.