చెట్టు పోయింది

మా మావగారికి రెండు అలవాట్లు. రాత్రి పళ్లసెట్టు తీసి గ్లాసు నీళ్లలో వేసుకోవడం, పొద్దున్నే ఆ నీళ్లు కమోడ్‌లో పారబోయడం. మధ్యలో చేయాల్సిన మూడో పనొకటుంది. కనుమ నాడు అది మరిచిపోయారు.

"చెట్టు! చెట్టు పోయింది!" అని బాత్రూంలోంచి ఒకటే కేక. అందరం పెరట్లోకి పరిగెత్తి, పాత సెప్టిక్ ట్యాంకు బండ మీద నిలబడి పైకి చూశాం. వేపచెట్టు నిక్షేపంలా ఉంది. బోసినోట్లో 'సెట్టు' కాస్తా 'చెట్టు' అయిందని మా అత్తగారు తేల్చేసరికి పది నిమిషాలు పట్టింది.

కనుమ నాడు మినుము తినాలంటారు. వంటింట్లో గారెలు వేగుతున్నాయి. వాటికేసి ఆయన చూసే చూపు నేను చూడలేకపోయాను.

"ఏం ఫరవాలేదు అల్లుడుగారూ, మనది అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ. తిన్నగా మురుగు శుద్ధి ప్లాంటుకే చేరుతుంది" అన్నారు మావగారు. (పళ్లున్నట్టే రాస్తున్నాను, చదివేవాళ్ల సౌకర్యం కోసం.) వీధిలో మ్యాన్‌హోల్ మూతలన్నీ భోగి నాడే తిప్పి చూపించారు. డిపాజిట్ కట్టిన రసీదు దేవుడి పటం వెనక భద్రంగా ఉంది.

అత్తగారు పెట్టిన కొత్త పంచెతోనే బావమరిది స్కూటరెక్కాను. ప్లాంటు ఊరి చివర, చెరువుకి దిగువన. ఆపరేటరు మంచివాడు. చూడ్డానికి మనుషులు రావడమే గొప్పన్నట్టు అంతా తిప్పాడు. ముందు ఇనప కమ్మీల జల్లెడ. షాంపూ సాచెట్లు, గుట్కా కవర్లు, డైపర్లు, ఎవరిదో చీరచెంగు. అవన్నీ దంతెతో లాగి గట్టున పోశాడు. దంతెతో దంతాలు వెతికించిన మొదటి అల్లుణ్ని నేనేనేమో.

"మురుగంటే 99.9 శాతం నీళ్లే సార్" అన్నాడు.

మిగిలిన 0.1లో మా మావగారి పళ్లున్నాయి.

ఇసుక దిగే తొట్టి గాలించాం. లేవు. ఆ తర్వాతది గాలి ఊదే తొట్టి, గారెల మూకుడులా కుతకుతలాడుతోంది. ఆ గాలికి బ్యాక్టీరియా పుంజుకుని మురికిని తినేస్తాయట. పక్క తొట్టిలో అడుక్కి దిగిన బురదలో కొంత తీసి మళ్లీ కొత్త మురుగులో కలుపుతారు, అచ్చం పాలల్లో తోడు వేసినట్టు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు లోకానికి చెప్పిన కిటుకిది. తోడు సంగతి మా అత్తగారికి అంతకుముందే తెలుసుననుకోండి. ఒక్క పన్నయినా లేకుండా ఊరందరిదీ అరాయించుకుంటున్న ఆ జీవుల్ని చూస్తే, మావగారిని వెంట తీసుకురానందుకు బాధేసింది.

"ఇంతకీ మీదే వీధి సార్?"

చెప్పాం. దంతె కింద పెట్టేశాడు.

"అక్కడ మూతలే పెట్టారు సార్. మెయిన్ లైనుకి ఇంకా కలపలేదు. ఇళ్లన్నీ పాత ట్యాంకుల మీదే నడుస్తున్నాయి."

ఈ ముక్క గేటు దగ్గరే అడిగుంటే నా పంచె బతికేది.

బావమరిది ఇంటికి ఫోన్ కొట్టి స్పీకరు పెట్టాడు.

"నాన్నా, ఆచూకీ తెలిసింది."

"ఎక్కడరా?"

"మన పెరట్లోనే. చెట్టు కింద."

అవతల కాసేపు గారెలు వేగే చప్పుడే వినపడింది.

"పొద్దున్నించీ నేను మొత్తుకుంటున్నదేమిట్రా మరి? చెట్టు, చెట్టు అని!"